మిల్వాకీ మార్క్వెట్ యూనివర్సిటీ: పేరు పెట్టుకున్న ఫాదర్‌ని చూడాలంటే ఎలా వెళ్లాలి, ఎంత దొరుకుతుంది

అమెరికా విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో ఒక పూట ఖాళీ దొరికితే మార్క్వెట్ యూనివర్సిటీ క్యాంపస్ తప్పకుండా చూడొచ్చు. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు, నడక కూడా తక్కువే. అయితే ఈ క్యాథలిక్ విద్యాసంస్థ ఎవరి పేరు పెట్టుకుందో ఆ ఫాదర్ జాక్ మార్క్వెట్‌ని చూద్దామని వెళ్లేవాళ్లు ముందే నాలుగు విషయాలు తెలుసుకుని బయల్దేరాలి. లేకపోతే విగ్రహం పక్కన ఫోటో దిగి, ఆయనతో ఏ సంబంధమూ లేని ఒక ఫ్రెంచి చాపెల్ చూసి మురిసిపోయి, అదే ఆయన గుడి అనుకుని వెనక్కొచ్చేస్తారు. మేలో పిల్లల గ్రాడ్యుయేషన్‌కి దిగే మన అమ్మానాన్నల్లో ఎక్కువమందికి జరిగేది ఇదే.

ముందు మనిషి సంగతి. మార్క్వెట్ 1637 జూన్ 1న ఫ్రాన్స్‌లోని లాన్ ఊళ్లో పుట్టాడు. జెస్యూట్ అనే క్యాథలిక్ గురువుల సభలో చేరి 1666లో కెనడా వచ్చాడు. మన విజయవాడ ఆంధ్ర లయోలా కాలేజీ నడిపేది కూడా ఈ సభే. గ్రేట్ లేక్స్ చుట్టూ ఉన్న తెగల భాషలు నేర్చుకుని సూ సెయింట్ మేరీ, లా పాయింట్, ఇప్పటి మిషిగన్ రాష్ట్రంలోని సెయింట్ ఇగ్నేస్ మిషన్లలో పనిచేశాడు. 1673 మే 17న లూయీ జోలియే అనే యువకుడితో, మరో అయిదుగురితో రెండు పడవల్లో బయల్దేరాడు. బర్చ్ చెట్టు బెరడుతో కట్టిన పడవలవి. తిండికి తీసుకెళ్లింది మొక్కజొన్న, పొగబెట్టిన మాంసం, అంతే. నెల తిరిగేసరికి, జూన్ 17న, మిసిసిపీ నదిలోకి చేరారు. ఆర్కన్సా నది కలిసే చోటుదాకా వెళ్లి, ఇంకా కిందికి పోతే స్పెయిన్ వాళ్ల చేతికి చిక్కుతామని జూలైలో వెనక్కి తిరిగారు. అప్పటికి ఆయనకి బాగా వచ్చిన ఇల్లినాయ్ భాష కూడా ఆ దక్షిణాన నేరుగా పనిచేయడం మానేసింది. 1675 మే 18న మిషిగన్ సరస్సు ఒడ్డున జబ్బుతో చనిపోయాడు. నిండా 38 ఏళ్లు లేవు.

ఇంత తెలిస్తే క్యాంపస్ నడకకి చాలు. ఇంకాస్త ఓపిక ఉన్నవాళ్లు 73 సంపుటాల జెస్యూట్ రిలేషన్స్ (ఈ సభ ఫాదర్లు మిషన్ల నుంచి రాసిన నివేదికలు) ఇంగ్లీషు అనువాదంలో 59వ సంపుటం తిరగేయండి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రయాణ వృత్తాంతం అందులోనే ఉంది. ఒక్క జాగ్రత్త: జోలియే రాసుకున్న కాగితాలన్నీ తిరుగు ప్రయాణంలో మాంట్రియల్ దగ్గర పడవ బోల్తాపడి నీళ్లపాలయ్యాయి. మనకి మిగిలింది మార్క్వెట్ పేరుతో వచ్చిన కథనం, అదీ పైఅధికారి ఫాదర్ దాబ్లోన్ చేతుల మీదుగా వచ్చింది. ప్రతి మాటా మార్క్వెట్ కలం నుంచే పడిందనుకుని చదవకూడదు.

చేరడం తేలిక. షికాగో యూనియన్ స్టేషన్‌లో ఆమ్‌ట్రాక్ వాళ్ల హయవాథా రైలెక్కితే గంటన్నరలో మిల్వాకీ స్టేషన్. అక్కణ్ణుంచి క్యాంపస్ మైలు లోపే, నడిస్తే 20 నిమిషాలు. విస్కాన్సిన్ అవెన్యూ మీదుగా పోయే కనెక్ట్ 1 బస్సు కూడా క్యాంపస్ మధ్యలోంచే వెళ్తుంది. ఫ్రీవే మీది వంతెన దాటేటప్పుడు గాలి ముఖాన కొడుతుంది. నవంబర్ నుంచి మార్చి దాకా అయితే చెవులు కప్పే టోపీ లేకుండా ఆ నడక పెట్టుకోవద్దు, ముఖ్యంగా పెద్దవాళ్లతో.

కారులో వచ్చేవాళ్లకి ఇబ్బంది పెట్టేది మార్క్వెట్ ఇంటర్‌ఛేంజ్. ఐ-94, ఐ-43, ఐ-794 మూడూ ముడిపడే ఈ కూడలి క్యాంపస్ పక్కనే ఉంటుంది, పేరు కూడా యూనివర్సిటీదే. ఎగ్జిట్లు కొన్ని ఎడమకి, కొన్ని కుడికి చీలతాయి. జీపీఎస్ చెప్పేలోపే లేన్ మారి ఉండాలి, తప్పితే డౌన్‌టౌన్ చుట్టి రావాల్సిందే. పార్కింగ్‌కి వెల్స్ స్ట్రీట్‌లోనూ 16వ వీధిలోనూ యూనివర్సిటీ పార్కింగ్ భవనాలున్నాయి, వీధుల్లో మీటర్లూ ఉన్నాయి. రాత్రికి పిల్లల అపార్ట్‌మెంట్‌లో ఉండిపోయేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మిల్వాకీలో రాత్రి 2 నుంచి 6 వరకు వీధిలో కారు ఉంచాలంటే అనుమతి తీసుకోవాలి. అది లేకపోతే తెల్లారేసరికి అద్దం మీద చీటీ ఉంటుంది.

లోపల తిరిగే వరస ఇలా పెట్టుకుంటే కాళ్లకి సుఖం. చూడాల్సినవన్నీ విస్కాన్సిన్ అవెన్యూకి దక్షిణం పక్కనే ఉన్నాయి కాబట్టి తూర్పు నుంచి పడమరకి నడవండి. మొదట వచ్చేది జాన్‌స్టన్ హాల్, 1907 నాటిది, క్యాంపస్‌లో యూనివర్సిటీ కట్టుకున్న భవనాల్లో అన్నిటికన్నా పాతది. కాలేజీ 1881లో మొదలైంది మాత్రం ఇక్కడ కాదు. ఆనుకుని జెసూ చర్చి, 1894 నాటిది. రెండు గోపురాల ఎత్తులూ సమానంగా ఉండవు, చూడండి. తర్వాత మార్క్వెట్ హాల్, పైన కారిలాన్, అంటే రాగాలు వాయించడానికి 48 మోగే గంటలు కలిపి అమర్చిన వాద్యం. ఈ మూడింటికీ అరగంట చాలు. వీటిల్లో ఫాదర్ గురించి కొత్తగా తెలిసేది పెద్దగా ఏమీ లేదు.

అడ్మిషన్స్ ఆఫీసు వాళ్లు నడిపే క్యాంపస్ టూర్ ఈ పనికి పెట్టుకోవద్దు. అది చేరబోయే విద్యార్థుల కోసం. హాస్టళ్లు, భోజనశాల, ల్యాబులు, స్కాలర్‌షిప్పులు, బాస్కెట్‌బాల్ టికెట్లు అందులో ప్రధానం. పిల్లని చేర్చే ఆలోచన ఉంటే బుక్ చేసుకోండి, లేదంటే సొంతంగా తిరగడమే మేలు.

సెయింట్ జోన్ ఆఫ్ ఆర్క్ చాపెల్ దగ్గర జనం ఎప్పుడూ ఉంటారు. ఉండదగ్గదే కూడా. ఫ్రాన్స్‌లో లియోన్ దగ్గర షాస్-సుర్-రోన్ అనే పల్లెలో 15వ శతాబ్దంలో కట్టిన గుడి ఇది. 1920ల్లో రాయి రాయీ విప్పి న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో ఒక సంపన్నురాలి ఎస్టేట్‌కి తెచ్చారు. 1964లో మార్క్వెట్‌కి బహుమానంగా వస్తే మళ్లీ విప్పి, మళ్లీ పేర్చి, 1966లో ప్రతిష్ఠ చేశారు. లోపల ఒక రాయి మీద ఫ్రెంచి వీరవనిత జోన్ నిలబడి ప్రార్థన చేసిందనీ, ముద్దుపెట్టుకుందనీ, అప్పట్నుంచి ఆ రాయి చుట్టూ ఉన్న రాళ్లకన్నా చల్లగా ఉంటుందనీ చెబుతారు. పిల్లలు అరచేతులు మార్చి మార్చి పెట్టి చూస్తుంటారు. నమ్మకం మీ ఇష్టం. పరీక్షిస్తే మాత్రం బయటి ఎండలోంచి వచ్చిన వెంటనే కాకుండా లోపల పది నిమిషాలు కూర్చున్నాక చెయ్యి పెట్టండి, లేకపోతే ప్రతి రాయీ చల్లగానే తగులుతుంది. తెరిచి ఉండే వేళలు సెమిస్టర్‌ని బట్టి, సెలవుల్ని బట్టి మారతాయి కాబట్టి వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్లాలి. గుడి అందం మీద పేచీ లేదు. కానీ మార్క్వెట్ పేరుతో ఉన్న క్యాంపస్‌లో అందరి కళ్లూ జోన్ మీదికే పోతాయి, ఫాదర్ పక్కకి తప్పుకుంటాడు.

ఫాదర్ అసలు దొరికేది హాగర్టీ ఆర్ట్ మ్యూజియంలో, 13వ వీధి, క్లైబర్న్ స్ట్రీట్ మూల దగ్గర. ప్రవేశం ఉచితం. విల్హెల్మ్ లాంప్రెక్ట్ 1869లో వేసిన 'ఫాదర్ మార్క్వెట్ అండ్ ది ఇండియన్స్' తైలచిత్రం వాళ్ల సేకరణలోదే. మ్యూజియం చిన్నది, బొమ్మలు మార్చి మార్చి పెడుతుంటారు. దీన్ని చూడటానికే వెళ్తుంటే బయల్దేరే ముందు ఫోన్ చేసి, ఇప్పుడు గోడ మీద ఉందా అని అడగండి. 1898లో అమెరికా తపాలా శాఖ వేసిన ఆకుపచ్చ ఒక సెంటు స్టాంపుకి ఆధారం ఈ చిత్రమే. స్టాంపులు సేకరించేవాళ్ల దగ్గర ఆ బొమ్మ భూతద్దంలో చూసినా చాలు.

చిత్రంలో చూడాల్సింది చేతుల్ని. నిలబడి ఉన్న ఫాదర్‌కి పక్కనున్న స్థానికుడు దారి చూపిస్తున్నాడు. దశాబ్దాలపాటు యూనివర్సిటీ అధికార ముద్రలో వాడింది ఇందులోంచి కత్తిరించిన ముక్కనే. కత్తిరింపులో దారి చూపే మనిషి తెగిపోయాడు, ఫాదరే అందరికీ దారి చూపిస్తున్నట్టు మిగిలాడు. చుట్టూ న్యూమెన్ ఫ్లూమెన్‌క్వే అని లాటిన్ మాట, 'దైవమూ నదీ' అని అర్థం. డిగ్రీ పట్టాల మీద అచ్చయింది ఇదే. స్థానిక తెగల విద్యార్థులు గట్టిగా అడిగాక, 2022లో ముద్ర మార్చారు. కొత్తదానిలో మిల్వాకీలో కలిసే మూడు నదులు, వాటి ముందు అడవి బియ్యపు (వైల్డ్ రైస్) కంకులు ఉన్నాయి. అంతకు ముందు పట్టా అందుకున్నవాళ్ల ఇంట్లో పాత ముద్ర ఉంటుంది. తీసి పోల్చి చూడండి, మ్యూజియంలో గంట గడిపినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది.

ఈ మార్పు ఎందుకు సరైనదో వృత్తాంతమే చెబుతుంది. ఫాక్స్ నది ఎగువన మస్కూటెన్ తెగవాళ్ల ఊరు దాటాక దారంతా చిత్తడి, చిన్న చిన్న చెరువులు. నది నిండా అడవి బియ్యం ఎంత దట్టంగా పెరిగి ఉందంటే కాలువ ఎటు పోతోందో తెలియదు. ఇద్దరు మయామీ తెగ మనుషులు ముందుండి పడవల్ని రేవు దాకా చేర్చారు, అక్కణ్ణుంచి 2,700 అడుగుల నేల మీద పడవలు మోయడానికి సాయంపట్టారు. ఆ అడుగులు మన కొలత అడుగులు కావు, మనిషి అంగలు. ఆ అంగలు దాటితే విస్కాన్సిన్ నది, అది పోయి కలిసేది మిసిసిపీలో. ఆ ఇద్దరూ లేకపోతే జూన్ 17 లేదు.

అదే వృత్తాంతంలో మెనామినీ తెగవాళ్ల అడవి బియ్యపు పంట గురించి ఉన్నది వ్యవసాయం తెలిసిన తెలుగువాళ్లకి ఇట్టే కళ్లకి కడుతుంది. సెప్టెంబర్‌లో పడవ చేను మధ్యలోకి పోనిస్తారు, కంకుల్ని అటూ ఇటూ పడవలోకి వంచి దులుపుతారు, పండిన గింజ తేలిగ్గా రాలుతుంది. కర్రల తడిక మీద పరిచి కింద సన్నటి సెగ పెట్టి కొన్నాళ్లు ఆరబెడతారు. ఆరాక తోలు సంచిలో పోసి, ఆ సంచిని గోతిలో దింపి, పొట్టు ఊడేదాకా కాళ్లతో తొక్కుతారు. తర్వాత తూర్పారబట్టి, దంచి పిండి చేస్తారు, లేదా నీళ్లలో ఉడికించి కొవ్వు కలుపుకుని తింటారు. కొత్త ముద్ర మీదున్న కంకి వెనక ఇంత పని ఉంది. దుకాణంలో కొనేవాళ్లకి ఒక సలహా: నల్లగా నిగనిగలాడేది మళ్లలో సాగుచేసింది, ముప్పావు గంట ఉడకాలి, గోధుమరంగు, బూడిదరంగు కలగలిసి మాసినట్టుండేది చేత్తో దులిపి కట్టెల సెగ మీద వేపింది, 20-25 నిమిషాల్లో విచ్చుకుంటుంది. గ్లాసుకి మూడు నాలుగు గ్లాసుల నీళ్లు పోసి గంజి వార్చేస్తే సరి. కుక్కర్‌లో మామూలు బియ్యం కొలతల్తో పెడితే పలుకుగానే ఉండిపోతుంది.

కొత్త ముద్ర మీద ఒక ఫిర్యాదూ ఉంది. తెగిపోయిన మనిషిని వెనక్కి తెచ్చే అవకాశం ఉండగా, ఇద్దర్నీ తీసేసి నదులూ కంకులూ ఉంచారు. తప్పు దిద్దారు సరే, దారి చూపినవాడు మళ్లీ కనపడలేదు. లాంప్రెక్ట్ చిత్రాన్ని కత్తిరించకుండా మొత్తంగా, పక్కన నాలుగు మాటల వివరణతో ప్రధాన ద్వారం దగ్గర పెట్టి ఉంటే ఏ వచ్చినవాడికీ చెప్పాల్సిన పని ఉండేది కాదు.

పేర్లతో సరిచేసుకోవడం ఈ సంస్థకి అంతకు ముందూ ఉంది. క్రీడాజట్లని చాలాకాలం వారియర్స్ అన్నారు. 1960ల్లో విల్లీ వాంపమ్ అని పెద్ద తల తొడుక్కున్న బొమ్మ ఒకటి మైదానంలో గంతులేసేది, స్థానిక విద్యార్థుల అభ్యంతరంతో 1971లో ఆపేశారు. 1994లో జట్టు పేరు గోల్డెన్ ఈగిల్స్ అయింది. 2005లో దాన్ని కూడా మార్చి ఉత్త 'గోల్డ్' అంటామని ప్రకటించి, గోల చెలరేగితే కొన్ని రోజుల్లోనే వెనక్కి తగ్గారు. పాత పూర్వవిద్యార్థుల ముందు ఈ ప్రస్తావన తెస్తే సాయంత్రం గడిచిపోతుంది.

ఫాదర్ పేరుమీద ఇచ్చే పెద్ద పురస్కారం పేర్ మార్క్వెట్ డిస్కవరీ అవార్డు. అపోలో 11 వ్యోమగాములకి ఇచ్చారు, 1981లో మదర్ థెరెసాకి ఇచ్చారు. నది వెతుక్కుంటూ పోయినవాడి పేరుతో చంద్రుడి మీదికి పోయినవాళ్లకి ఇవ్వడం బాగానే కుదిరింది.

రేనార్ లైబ్రరీ ఆర్కైవ్స్‌ని పరిశోధన చేసేవాళ్లు వదలకూడదు. అమెరికా క్యాథలిక్ ఇండియన్ మిషన్ల బ్యూరో రికార్డులు ఇక్కడున్నాయి. తెగల పిల్లల్ని బోర్డింగ్ బడుల్లో పెట్టిన కాలం కాగితాలు వాటిలోనివే. తమ పూర్వీకుల జాడ వెతుక్కునే కుటుంబాలకి ఇవి చాలా అవసరం. ముందే రాసి సమయం తీసుకుని, ఏ పెట్టె కావాలో జాబితా చూసి చెప్పాలి. ఊరికే వెళ్లి 'మార్క్వెట్ చేతిరాత చూపించండి' అంటే పని జరగదు.

ఇక యూనివర్సిటీ చేసినవాటిల్లో అన్నిటికన్నా మంచి పని. మార్క్వెట్‌ని చనిపోయిన చోటే పూడ్చారు. రెండేళ్లకి, 1677లో, ఆయన దగ్గర చదువుకున్న కిస్కాకాన్ ఒటావా తెగవాళ్లు వేటనుంచి తిరిగొస్తూ ఆ చోటు వెతికి పట్టుకుని తవ్వారు. తమ పెద్దలకి చేసుకునే పద్ధతిలోనే ఎముకల్ని శుభ్రం చేసి, ఎండలో ఆరబెట్టి, బర్చ్ బెరడు పెట్టెలో పెట్టి, ముప్పై దాకా పడవలు వెంటరాగా సెయింట్ ఇగ్నేస్ తీసుకొచ్చారు. అక్కడ చాపెల్‌లో పూడ్చారు. తర్వాత మిషన్ మూతపడింది, చోటు మరుగునపడింది. 1877లో ఫాదర్ ఎడ్వర్డ్ జాకర్ తవ్వితే సమాధి బయటపడింది. దొరికిన ఎముకల్లో కొన్ని 1882లో, కొత్తగా తెరిచిన మార్క్వెట్ కాలేజీకి పంపారు. అవి 140 ఏళ్లు మిల్వాకీలోనే ఉండి, 2022 జూన్‌లో తిరిగి సెయింట్ ఇగ్నేస్ చేరి, మట్టిలో కలిశాయి. కాలేజీ పేరు ఎవరిదో ఆయన అస్థికలే చేతిలో ఉండగా, వాటిని వదులుకోవడం చిన్న విషయం కాదు. పోయినవాళ్లని సొంత మట్టికి చేర్చడం ఎంత పట్టింపో మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. క్యాంపస్‌లో ఆయన విగ్రహం కన్నా, వాషింగ్టన్ క్యాపిటల్‌లో విస్కాన్సిన్ తరఫున 1896 నుంచీ ఉన్న పాలరాతి విగ్రహం కన్నా, ఇదే పెద్ద గౌరవం.

మార్కులు వేయాలంటే ఇలా: చేరడం, తిరగడం సులువుకి అయిదుకి నాలుగున్నర. చాపెల్‌కి అయిదు. తప్పు దిద్దుకున్న తీరుకి నాలుగు. క్యాంపస్‌లోకి అడుగుపెట్టిన సామాన్యుడికి ఫాదర్ గురించి తెలియజెప్పడానికి మాత్రం రెండు. ఇంత కథ దగ్గరుంచుకుని, దాన్ని మ్యూజియం, ఆర్కైవ్స్, వెబ్‌సైట్ మధ్య పంచి పెట్టారు. ఈ నేల పొటవాటమి, మెనామినీ, హో-చంక్ ప్రజలదన్న మాట యూనివర్సిటీ రాతపూర్వకంగా ఒప్పుకుంది, కానీ అదీ వెతికితేనే కనిపిస్తుంది.

మిగతా సగం చూడాలంటే సెయింట్ ఇగ్నేస్ వెళ్లాలి. మిల్వాకీ నుంచి ఐ-43 మీద గ్రీన్ బే, అక్కణ్ణుంచి సరస్సు ఒడ్డునే ఎస్కనాబా, తర్వాత యూఎస్-2 మీద తూర్పుకి. ఆగకుండా పోతే ఆరు, ఆరున్నర గంటలు. మెనామినీ కౌంటీ దాటాక గడియారం ఒక గంట ముందుకి జరుగుతుంది, సాయంత్రం మ్యూజియం మూసే వేళ లెక్క తప్పేది ఇక్కడే. చీకటిపడే వేళకి యూఎస్-2 మీద లేళ్లు అడ్డొస్తాయి కాబట్టి తెల్లవారుజామున బయల్దేరడం నయం. ఎస్కనాబా దాటాక పెట్రోలు బంకుల మధ్య దూరం పెరుగుతుంది, అక్కడే ట్యాంకు నింపుకోవాలి. సమాధి చోటు ఊరి మధ్యలో ఓజిబ్వే సంస్కృతి మ్యూజియం పక్కన పార్కులో ఉంది. మ్యూజియం వేసవి, శరత్తుల్లోనే తెరుస్తారు. ఊరవతల స్ట్రెయిట్స్ స్టేట్ పార్కులో ఫాదర్ మార్క్వెట్ జాతీయ స్మారకం వేరే ఉంది, అక్కడి మ్యూజియం 2000లో కాలిపోయింది, కాబట్టి రెంటిలో ఒక్కదానికే సమయం ఉంటే ఊళ్లోదానికే వెళ్లండి. పెద్దవాళ్లు వెంట ఉంటే ఒక్కరోజులో వెళ్లిరావాలనుకోవద్దు. ఇంత దూరం వద్దనుకునేవాళ్లు క్యాంపస్ చూసుకుని, మధ్యాహ్నానికి ఐ-94 మీద పడమరగా పెవాకీలోని హిందూ దేవాలయానికి పోవచ్చు, కారులో అరగంట.